పెట్ స్కాన్‌కి వెళ్తున్నారా? ముందు రోజు వంటింటి నుంచి రిపోర్టు చేతికొచ్చే దాకా ఏం చేయాలి

కొబ్బరి నీళ్ళు నీళ్ళు కావు. ఈ ముక్క ఇప్పుడు మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు గానీ, అది నేర్చుకోవడానికి మాకు ఒక రోజు, రానూపోనూ కారు కిరాయి, నాన్న ఓపిక ఖర్చయ్యాయి. గుంటూరులో తెల్లవారుజామునే బయల్దేరి, వారధి మీద ట్రాఫిక్ దాటుకుని విజయవాడలో స్కాన్ సెంటర్ ముందు దిగాం. రాత్రి ఎనిమిదింటి నుంచి నాన్న ఏమీ తినలేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గేటు పక్కనే బోండాల బండి. "నీళ్ళు తాగొచ్చన్నారుగా నాన్నా" అంటూ నేనే ఒకటి కొట్టించి ఇచ్చాను. లోపల సిస్టర్ వేలికి గుచ్చి షుగర్ చూసి, "పొద్దున ఏమన్నా తాగారా బాబాయ్?" అనడిగింది. నాన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. షుగర్ 232. ఇవాళ కాదు, ఇంకో రోజు రమ్మన్నారు.

నాన్నది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. ఆ తర్వాత ఆయనకి మూడు స్కాన్లు అయ్యాయి, పిన్నికి ఒకటి, మేనమామకి వేరే రకం ఒకటి. అన్నిటికీ తోడు వెళ్ళింది నేనే. పెట్ స్కాన్ అంటే కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడ ఎక్కువ చేరి మెరుస్తుందో చూసే పరీక్ష. దాంతో పాటే సీటీ కూడా తీస్తారు కాబట్టి పెట్ సీటీ అంటారు. నేను డాక్టర్ని కాదు. డాక్టర్లనీ టెక్నీషియన్లనీ విసిగించి అడిగి తెలుసుకున్నవి, మేము చేసిన పొరపాట్లు, అన్నీ వరసగా చెప్తాను. మీ డాక్టరు చెప్పింది దీనికి తేడాగా ఉంటే వాళ్ళ మాటే వినండి.

ముందు, ఏ స్కానో ఎందుకో అడగండి

బయాప్సీలో, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, క్యాన్సర్ అని తేలాక డాక్టరు "స్టేజింగ్ చేయాలి" అంటారు. గడ్డ ఎంత ఉంది, దగ్గర్లోని బిళ్ళలకు, అంటే లింఫు గ్రంథులకు పాకిందా, దూరంగా ఎముకకో కాలేయానికో ఊపిరితిత్తికో వెళ్ళిందా అని లెక్క తేల్చడమే స్టేజింగ్. ఆపరేషనా, కీమోనా, మనవాళ్ళు కరెంటు పెట్టడం అనే రేడియేషనా, ఏది ముందు ఏది వెనక అన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. కాబట్టి డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ స్కాన్‌లో ఏం కనబడితే మా వైద్యం మారుతుంది?" నేను మొదటిసారి అడగలేదు. అడగాలని తెలియదు. అడిగితే ఏ డాక్టరూ కోప్పడలేదు, తర్వాత చూశాను.

ఎందుకు అడగాలంటే, అందరికీ పెట్ స్కాన్ అక్కర్లేదు. రొమ్ములో చిన్న గడ్డ, చంకలో ఏమీ లేదు, వేరే బాధలూ లేవు అంటే పెట్ సీటీ గానీ బోన్ స్కాన్ గానీ మామూలుగా అవసరం లేదని అమెరికాలో క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది. ముప్పు తక్కువున్న తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ అదే మాట. అక్కర్లేని స్కాన్‌లో ఎక్కడో ఒక చుక్క మెరిసి, దాని వెనక ఇంకో స్కాన్, ఇంకో సూది, నెల ఆలస్యం. అదే లింఫోమాకైతే పెట్ సీటీ దాదాపు తప్పనిసరి. ఊపిరితిత్తి క్యాన్సర్‌కి ఆపరేషన్ అనుకునే ముందు చేస్తారు. రొమ్ము గడ్డ పెద్దదై చంకలో బిళ్ళలు కట్టినా ఉపయోగమే.

ఇంకో సంగతి. మామూలు పెట్ స్కాన్ అన్ని క్యాన్సర్లనీ ఒకేలా పట్టదు. ప్రోస్టేట్, కిడ్నీ, కొన్ని రకాల కాలేయ క్యాన్సర్లు, జిగురు ఎక్కువుండే కొన్ని కడుపు, పేగు క్యాన్సర్లు అందులో సరిగా మెరవవు. మా మేనమామది ప్రోస్టేట్. ఆయనకి రాసింది పీఎస్ఎంఏ పెట్. పీఎస్ఎంఏ అంటే ప్రోస్టేట్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్, మందు దానికి అంటుకుంటుంది. మిషన్ అదే, లోపలికి ఎక్కించే మందు వేరు. ముప్పు ఎక్కువున్న ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పాత పద్ధతిని, అంటే సీటీ, బోన్ స్కాన్ కలిపి చేయడాన్ని, దీనితో పోల్చి 2020లో ఒక పరిశోధన వచ్చింది. పాత పద్ధతి 65 శాతం కచ్చితంగా చెబితే ఇది 92 శాతం చెప్పింది. చీటీ మీద ఉత్త "పెట్ సీటీ" అని ఉంటే, ఏ మందుతోనో డాక్టరు చేతే రాయించుకోండి. కౌంటర్ దగ్గర తికమక ఉండదు.

బోన్ స్కాన్ ఎముకల వరకే. టెక్నీషియం అనే మందు ఎక్కించి రెండు మూడు గంటలు ఆగమంటారు. పరగడుపున ఉండక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్ళొచ్చు, నీళ్ళు మాత్రం బాగా తాగాలి. మోకాళ్ళ అరుగుదల, పాత విరుగుళ్ళు కూడా అందులో మెరుస్తాయి కాబట్టి, పదేళ్ళ కిందట స్కూటర్ మీద నుంచి పడ్డ సంగతి కూడా చెప్పండి. థైరాయిడ్ క్యాన్సర్‌కి అయోడిన్‌తో చేసే స్కాన్ మరొకటి. దాని పత్యం పూర్తిగా వేరు, ఇక్కడ చెప్పేవి దానికి వర్తించవు.

ఒళ్ళంతా ఎమ్మారై అని ఇంకొకటుంది. రేడియేషన్ బొత్తిగా లేదు. ఎముక మజ్జలో వచ్చే మైలోమా లాంటివాటికి బాగా పనికొస్తుంది. ముప్పావుగంటో, ఇంకా ఎక్కువో ఆ గొట్టంలో కదలకుండా, ఆ దడదడ చప్పుడు భరిస్తూ పడుకోవాలి. ఇరుకు గదంటే భయమున్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. అన్ని చోట్లా చేయరు. ఇక ఇక్కడి నుంచి చెప్పేదంతా మామూలు పెట్ సీటీ గురించి.

తేదీ ఖాయం చేసుకునేటప్పుడు

మొదటి స్కాన్‌కి తేదీ పేచీ ఉండదు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. చికిత్స మధ్యలోనో తర్వాతో చేసేదానికి మాత్రం లెక్క ఉంది. కీమో అయిన నాలుగు రోజులకే వెళ్తే లాభం లేదు. తర్వాతి డోసుకు సరిగ్గా ముందు చేయించడం మేలు. లింఫోమాలో కీమో మొత్తం అయ్యాక 6 నుంచి 8 వారాలు, రేడియేషన్ అయ్యాకైతే దాదాపు 12 వారాలు ఆగమంటారు. కాలిన చోట మంట చల్లారకపోతే అదీ మెరుస్తుంది, జబ్బు మిగిలిందేమోనన్న అనుమానం వస్తుంది. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఈమధ్య వేయించుకుంటే ఎముకల మజ్జంతా దీపావళిలా వెలుగుతుంది. దాని తేదీ తప్పకుండా చెప్పాలి.

టైమ్ ఇస్తే టైమ్‌కే వెళ్ళాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఇందులో ఎక్కించే మందుకి వెలుగిచ్చేది రేడియోధార్మిక ఫ్లోరిన్, దాని బలం ప్రతి 110 నిమిషాలకీ సగానికి పడిపోతుంది. దాన్ని తయారు చేసేది సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం. అది ఉన్న ఊళ్ళు తక్కువ, లేని ఊరికి మందు రోడ్డు మీద రావాల్సిందే. హైదరాబాద్‌లో నింపిన సీసా బెజవాడ చేరడానికి 5 గంటలు పట్టిందనుకోండి, అందులో బలం ఆరో వంతు కూడా మిగలదు. ఆ తగ్గుదల లెక్కేసుకునే ముందే ఎక్కువ నింపి పంపుతారు. మందు ఎవరికెంత అని వరస పెట్టుకుంటారు కాబట్టి మీరు గంట ఆలస్యమైతే మీ వాటా కరిగిపోతుంది, వెనకవాళ్ళదీ చెడుతుంది. మీరు టైమ్‌కే వెళ్ళినా మందు బండి ఆలస్యమై కూర్చోబెట్టిన రోజులూ ఉంటాయి. అప్పుడు కౌంటర్ దగ్గర పిల్లవాడి మీద అరిచి ప్రయోజనం లేదు. గుంటూరు, తెనాలి, నరసరావుపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు వారధి దగ్గరే అరగంట పోతుందని లెక్కేసుకోండి.

బుక్ చేసేటప్పుడే డబ్బు సంగతి తేల్చుకోండి. రంగు మందు, అంటే కాంట్రాస్ట్, అందులో కలిసే ఉందా, సీడీకి వేరే ఇవ్వాలా అని అడగండి. ఆరోగ్యశ్రీ అని మనం ఇంకా పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద వైద్యం జరుగుతుంటే, స్కాన్‌కి ముందే ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గరకి వెళ్ళి ఇది ఆ కిందకి వస్తుందో లేదో కనుక్కోవాలి. బయట డబ్బు కట్టేసి తర్వాత రసీదు పట్టుకుని తిరిగితే ఎవరూ ఇవ్వరు.

ముందు రోజు

స్కాన్‌లో సగం పని ఇంట్లోనే అవుతుంది. ఎందుకో చెప్తే మీరే ఒప్పుకుంటారు. గ్లూకోజ్ లాంటి పదార్థానికే కొద్దిగా రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఎఫ్‌డీజీ అనే మందు చేస్తారు. చాలా క్యాన్సర్ కణాలకి చక్కెర ఆకలి ఎక్కువ. 1920ల్లోనే జర్మనీలో ఆటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త గమనించాడీ సంగతి. ఆకలి మీదున్న కణం దీన్ని చక్కెరే అనుకుని లోపలికి లాక్కుంటుంది, తీరా లాక్కున్నాక అరిగించుకోలేదు. మందు అక్కడే ఇరుక్కుని వెలుగు పంపుతూ ఉంటుంది, మిషన్ దాన్ని పట్టుకుంటుంది. రక్తంలో అప్పటికే అసలు చక్కెర దండిగా ఉంటే ఈ దొంగ చక్కెరకి చోటేదీ? పైగా తీపి లోపలికి పోగానే ఒళ్ళు ఇన్సులిన్ వదులుతుంది, అది మందునంతా కండల్లోకి తోసేస్తుంది. మా కొబ్బరి బోండాం చేసిన ఘనకార్యం ఇదే.

కాబట్టి ముందు రోజంతా తీపి, పిండి పదార్థాలు తగ్గించమంటారు. కొన్ని సెంటర్లలో ఆరు గంటలు ఖాళీ కడుపుతో వస్తే చాలంటారు, కొన్నిచోట్ల ముందు రోజు భోజనం కూడా చెప్తారు. చెప్పకపోయినా పాటిస్తే నష్టం లేదు. ఇక్కడే మన ఇళ్ళల్లో గొడవ. "అన్నం తినలేదండీ, నాలుగు చపాతీలే తిన్నాడు" అంటారు. చపాతీ కూడా పిండే కదా! ఇడ్లీ, దోసె, ఉప్మా, సేమ్యా, బంగాళాదుంప, అరటిపండు, మజ్జిగలో చెంచాడు పంచదార, హార్లిక్స్, అన్నీ ఆ పద్దులోకే వస్తాయి. మరి ఏం పెట్టాలి? ఆమ్లెట్టో ఉడికించిన గుడ్లో, కోడికూరో చేపల కూరో అన్నం లేకుండా ఉత్తదే, శాకాహారులైతే పనీర్ వేపుడు, తోటకూర, గోంగూర, బీరకాయ, దోసకాయ. అన్నం లేని కోడికూర చూసి నాన్న, "ఇది భోజనమా, మందు పార్టీలో నంజుడా" అన్నాడు. తిన్నాడు.

రాత్రి భోజనం పెందలాడే ముగించండి. ఆ తర్వాత ఉత్త మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఆ నీళ్ళు మాత్రం తాగాలి, పొద్దున కూడా తాగాలి. కాఫీ, టీ, పాలు, నిమ్మరసం, గ్లూకోజ్ పొడి, ఓఆర్ఎస్ ఏవీ వద్దు. చూయింగ్ గమ్, వక్కపొడి, కిళ్ళీ కూడా వద్దు. బీపీ మాత్ర లాంటివి నీళ్ళతో వేసుకోవచ్చని మాకు చెప్పారు, మీవి మీ డాక్టర్ని అడగండి.

ఒంటికి శ్రమ కూడా వద్దు. 24 గంటల ముందు నుంచి జిమ్, పరుగు, బరువులెత్తడం మానాలి. వాడిన కండలు కూడా ఈ చక్కెర లాగేస్తాయి. నాన్నకి పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నాలుగు రౌండ్లు కొట్టందే తోచదు. ఆ ఒక్క రోజు చెప్పులు దాచేసింది అమ్మ.

షుగర్ ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి

వేలికి గుచ్చి చూసినప్పుడు 200 లోపు ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. అలాగని ఎవరికి వాళ్ళు మాత్రలు మానేయకూడదు, రెట్టింపు వేసేసుకోకూడదు. బుక్ చేసేటప్పుడే "మాకు షుగర్ ఉంది, ఫలానా మాత్ర, ఫలానా ఇన్సులిన్" అని చెప్పండి. వీలైతే పొద్దున్నే మొదటి టైమ్ అడగండి.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో పేగులంతా మెరుస్తాయి. పేగుల సంగతి చూడాల్సిన కేసయితే రెండు రోజుల ముందు నుంచి ఆపమనే డాక్టర్లున్నారు. ఆపితే షుగర్ పెరగొచ్చు, అందుకే నిర్ణయం వాళ్ళదే. ఇన్సులిన్ సంగతి ఇంకా సున్నితం. సెంటర్‌కి వచ్చాక షుగర్ ఎక్కువుందని తెలిసి, కారులో గబగబా ఇన్సులిన్ పొడుచుకుని "ఇప్పుడు తగ్గింది చూడండి" అని లోపలికి వెళ్ళినాయన్ని నేను చూశాను. అంకె తగ్గుతుంది నిజమే, ఎక్కించిన మందు మాత్రం చేతుల కాళ్ళ కండల్లోకి పోతుంది, గడ్డ మసకగా కనబడుతుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కీ ఈ మందుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలంటారు. దానికన్నా ఇంకో రోజు రావడమే నయం.

రెండోసారికి మేం వారం ముందు నుంచే షుగర్ మిషన్‌తో రోజూ పరగడుపున చూసి కాగితం మీద రాసుకున్నాం. 160లు, 150లు, వెళ్ళే రోజు 138.

స్కాన్ రోజు

బట్టలు వదులుగా, వెచ్చగా ఉండాలి. రోహిణి కార్తె అయినా సరే ఒక శాలువా పట్టుకెళ్ళండి. లోపల ఏసీ చలికి ఒళ్ళు వణికితే మెడ, భుజాల దగ్గర ఒక రకం కొవ్వు వేడి పుట్టించడం మొదలెడుతుంది, దానికీ చక్కెరే కావాలి, అదీ మెరుస్తుంది. మెడలో గడ్డలున్నవాళ్ళకి ఇది పెద్ద తికమక. గొలుసులు, గాజులు, మొలతాడుకున్న తాయెత్తులు ఇంట్లోనే తీసేసి రండి. అక్కడ తీసి పారేసుకునే బాధ తప్పుతుంది.

ఫైల్లో ఉండాల్సినవి: బయాప్సీ రిపోర్టు, పాత స్కాన్ల సీడీలు, డాక్టరు చీటీ, క్రియాటినిన్ పరీక్ష. రంగు మందు ఇవ్వాలంటే కిడ్నీల పని తీరు చూస్తారు, గతంలో దానివల్ల దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి. అక్కడ ఒకరు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఈ ఐదు నిమిషాలు చాలా విలువైనవి, తొందరపడొద్దు. ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ, ఈమధ్య జ్వరం, పన్ను పీకించుకోవడం, కిందపడటం, ఆపరేషన్ తేదీ, టీకా ఏ చేతికి వేయించుకున్నారు, అన్నీ చెప్పండి. ఆడవాళ్ళు గర్భం అనుమానం ఉన్నా, పిల్లకి పాలిస్తున్నా మొదటి మాటగా అదే చెప్పాలి. పిన్నికి కుడి రొమ్ములో గడ్డ, అందుకని సూది ఎడమ చేతికి పెట్టారు. వాళ్ళు మర్చిపోతే మీరు గుర్తు చేయండి.

కాలిలోనో పాదంలోనో నొప్పి ఉంటే ఇప్పుడే చెప్పాలి. ఒళ్ళంతా స్కాన్ అని పేరేగానీ మామూలుగా తీసేది పుర్రె అడుగు నుంచి తొడ మధ్య దాకానే. అడిగితే, అవసరమైతే, కాళ్ళు కూడా కలుపుతారు.

మందు ఎక్కించడం నిమిషం పని. మంట ఉండదు, మత్తు ఉండదు. ఆ తర్వాత ఒక గదిలో గంటసేపు పడుకోబెడతారు. ఈ గంటే అసలు పరీక్ష. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు, పేపర్ చదవకూడదు, ఏమీ నమలకూడదు. మాట్లాడితే గొంతు కండలు మెరుస్తాయి. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వాళ్ళకైతే అదే చోట అనుమానం. తోడు వచ్చినవాళ్ళని ఆ గదిలోకి రానివ్వరు, రేడియేషన్ అనవసరంగా తగలకూడదని. మనవాళ్ళకి ఇది మనసుకి కష్టంగా ఉంటుంది. ముసలావిణ్ణి ఒంటరిగా వదిలేశారే అని బయట ఒకాయన నాతో అన్నాడు. ముందే చెప్పి పంపండి, "గంటసేపు కళ్ళు మూసుకుని పడుకో, నేను బయటే ఉంటాను" అని.

పిలిచే ముందు బాత్రూమ్‌కి వెళ్ళి రమ్మంటారు. మందులో మిగిలింది మూత్రంలోకే పోతుంది, సంచి నిండి ఉంటే పొత్తికడుపులో పక్కనున్నది దాని వెలుగులో మునిగిపోతుంది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తల పైకి పెట్టిస్తారు. మిషన్ పెద్ద గారెలా ఉంటుంది, మధ్యలో చిల్లు, ఆ చిల్లులోంచి బల్ల మెల్లగా జరుగుతుంది. ఎమ్మారై అంత లోతు గొట్టం కాదు, అంత చప్పుడూ లేదు. మొదట సీటీ, అది క్షణాల్లో అయిపోతుంది. తర్వాత పెట్, మామూలుగా 15 నుంచి 25 నిమిషాలు. రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పరుస్తారు కాబట్టి మధ్యలో కదిలితే ఎముక ఒకచోట, వెలుగు ఒకచోట పడుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళు చేతులు అంతసేపు పైకి పెట్టలేకపోతే ముందే చెప్పండి. నొప్పి మాత్ర వేసుకుని రావొచ్చా అని అడగండి. అయిపోయాక వెంటనే పంపకపోవచ్చు, ఒక్కోసారి ఒక భాగం మళ్ళీ తీస్తారు. దానికి కంగారు పడకండి, పేగు కదలికో మూత్రమో అని సరిచూసుకోవడానికి కూడా తీస్తుంటారు.

మొత్తం మూడు నాలుగు గంటలు. డబ్బాలో భోజనం పెట్టుకెళ్ళండి, బయటికి రాగానే తినొచ్చు. అప్పుడు కొబ్బరి బోండాం కూడా తాగొచ్చు.

ఇంటికెళ్ళాక

నీళ్ళు బాగా తాగి, తరచూ మూత్రానికి వెళ్ళాలి. ఫ్లష్ రెండుసార్లు కొట్టి చేతులు కడుక్కోవాలి. ఆ రోజు సాయంత్రం దాకా చంటిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండా, గర్భిణుల పక్కన ఎక్కువసేపు కూర్చోకుండా ఉంటే చాలు. 11 గంటలు గడిచేసరికి బలం 64వ వంతుకి పడిపోతుంది. మర్నాటికి భయం లేదు. గిన్నెలు వేరు చేయడం, మంచం వేరు చేయడం, ముట్టుకోకపోవడం అక్కర్లేదు. మా పక్కింటావిడ పిన్ని తాగిన గ్లాసు విడిగా పెట్టింది, ఆ బాధ పిన్నికి స్కాన్ కన్నా ఎక్కువైంది.

రేడియేషన్ ఎంత అని అడుగుతారు. మందు వరకే చూస్తే సుమారు 5 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు, సీటీది దానికి అదనం. ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్నా మట్టి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతాయి. క్యాన్సర్ ఉన్న మనిషికి దారి చూపే స్కాన్‌కి ఇది పెద్ద ఖరీదు కాదు. ఏ జబ్బూ లేని వాళ్ళు "ఒకసారి ఒళ్ళంతా చూపించుకుందాం" అని హెల్త్ చెకప్‌లా చేయించుకోవడం మాత్రం నాకు నచ్చదు.

రిపోర్టు వచ్చాక

వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది, డాక్టర్ని కలిసేది రెండు రోజుల తర్వాత. ఆ రెండు రోజులే నరకం. ఎస్‌యూవీ మ్యాక్స్ 11.4 అని ఉంటుంది, బావమరిది గూగుల్ చేసి ఏదో చెప్తాడు. ఎస్‌యూవీ అంటే ఆ చోటు ఎంత చక్కెర లాగిందో చెప్పే కొలత, అంతే. 2.5 దాటితే క్యాన్సర్ అని ఒక మాట తిరుగుతుంటుంది, అలాంటి గీత ఏదీ లేదు. ఆ అంకె షుగర్‌ని బట్టి, ఒంటి బరువుని బట్టి, మందు ఎక్కించాక ఎంతసేపు ఆగారన్న దాన్ని బట్టి, మిషన్‌ని బట్టి మారుతుంది. అందుకే తర్వాతి స్కాన్ కూడా వీలైతే అదే సెంటర్లో చేయించండి.

మెరిసిందల్లా క్యాన్సర్ కాదు. మెదడు ఎప్పుడూ మెరుస్తుంది, అది బతికేదే చక్కెర మీద. అందుకే మెదడుకి పాకిందా అని చూడాలంటే విడిగా ఎమ్మారై రాస్తారు. కిడ్నీలు, మూత్రసంచి మెరుస్తాయి. పుండు, చీము, టీబీ అన్నీ మెరుస్తాయి. మన దేశంలో టీబీ ఎంత ఉందో తెలుసుగా.

పిన్ని సంగతే చెప్తాను. రొమ్ము గడ్డ, చంకలో బిళ్ళలు, అవి ముందే తెలుసు. స్కాన్‌లో ఛాతీ మధ్యన కూడా బిళ్ళలు మెరిశాయి. సాయంత్రానికి బంధువులందరికీ "నాలుగో స్టేజ్ అంట" అని చేరిపోయింది. బాబాయి పొలం కౌలు కాగితాలు తీసి కూర్చున్నాడు. రిపోర్టు చివరి లైన్ ఎవరూ చదవలేదు: ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు, బయాప్సీతో సరిచూసుకోవాలి అని ఉంది. డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి ఆ బిళ్ళల్లోంచి ముక్క తీయించారు. టీబీ. దానికి మందులు మొదలెట్టి, క్యాన్సర్‌కి నయం చేసే వైద్యమే ఇచ్చారు. కాబట్టి దూరంగా ఒకే ఒక్క చోటో, అనుమానపు చోటో మెరిసి, దాని మీదే స్టేజ్ మారిపోతుంటే, "అక్కడి నుంచి ముక్క తీసి చూడొచ్చా?" అని అడగండి.

రెండోవైపు కూడా ఉంది. మెరవలేదంటే లేదని కాదు. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు చుక్కల్ని పెట్ తప్పిపోవచ్చు. ఊపిరితిత్తిలో చిన్న నాడ్యూల్, అంటే చిన్న ముద్ద, ఉందని రాసి, కొన్ని నెలల్లో మళ్ళీ సీటీ చూడమంటే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసేయండి.

లింఫోమా అయితే రిపోర్టులో డోవిల్ స్కోర్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది. గడ్డ వెలుగుని కాలేయం వెలుగుతో పోల్చి వేసే మార్కులు. 3 దాకా సాధారణంగా మంచి కబురు, 4, 5 అయితే డాక్టరు ఆలోచిస్తారు. నాన్నకి రెండు కీమోల తర్వాత 2 వచ్చింది. మార్కులు తక్కువొస్తే ఇంట్లో మిఠాయి పంచడం మాకదే మొదలు.

సీడీ సంగతి చెప్పి ఆపుతాను. ఫిల్మ్, రిపోర్టు కాగితం చాలవు, తర్వాతి స్కాన్ చదివే డాక్టరు పాత బొమ్మలు పక్కన పెట్టుకుని చూడాలి. నాన్న రెండో స్కాన్‌కి వెళ్ళినప్పుడు పాత సీడీ ఏదన్నారు. అది గుంటూరులో బీరువా మీద ఉంది. తమ్ముడు బండి మీద తెచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది, రిపోర్టు మర్నాటికి వాయిదా పడింది. అప్పటి నుంచి ప్రతి సీడీ మీదా మార్కర్‌తో పేరు, తేదీ, ఎన్నో కీమో తర్వాత తీసిందో రాసి, అవి ఫైల్ ముందు అరలో, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. పెన్‌డ్రైవ్ అమ్మ తాళంచెవుల గుత్తికి ఉంటుంది.